మాచయ్య బాబాయి పద్ధతి

మా మడుగులో కొర్రమీను మాచయ్య ఏనాడూ ఎరకు చిక్కలేదు. తెలివి వల్ల అనుకునేరు, కాదు. ఏ ఎరా ఆయనకు నచ్చేది కాదు.

ఒకరోజు ఒడ్డున కొంగ చచ్చిన మిడతను నీటి మీద వేసి, ముక్కుతో గబగబా లాగింది.

"ఆ మిడతకు ముహూర్తం మించిపోతోందా?" అన్నాడు మాచయ్య, తూటికాడల చాటు నుంచి.

కొంగ నెమ్మదిగా లాగింది.

"ఇప్పుడు శవయాత్రలా ఉంది."

కొంగ అసలు కదపకుండా వదిలేసింది.

"చచ్చిందని చాటింపు వేస్తున్నావా?"

కొంగకు ఒళ్లు మండింది. కాని ఆకలి అంతకన్నా ఎక్కువగా ఉంది. మెడ వంచి, "మరెలా ఆడించాలో మీరే చెప్పండి బాబాయ్ గారూ" అంది.

మాచయ్య పొంగిపోయాడు. భార్య తోక పట్టి వెనక్కి లాగింది.

"మీకెందుకండీ? అది మనల్ని తినడానికేగా ఆ తిప్పలు!"

"తినడం సంగతి తర్వాత. ముందు పని శుభ్రంగా ఉండాలి" అని ఆవిడను కసిరి, కొంగతో చెప్పాడు. "కొంచెం లాగు. ఆగు. ప్రాణం పోతున్నట్టు ఒక్కసారి వణికించు."

కొంగ కావాలనే తప్పుగా వణికించింది.

"అలా కాదే మొద్దూ, ఇటు తే!" అంటూ మాచయ్య పైకి వచ్చి, మిడతను నోట పట్టి, ఎంతో చక్కగా వణికించి చూపించాడు.

కొంగ ముందు మెచ్చుకుని, తర్వాతే మింగింది. మర్యాద తెలిసిన పిట్ట.

ఇప్పుడది ఆ పద్ధతిలోనే రోజూ మావాళ్లను పడుతోంది. మాచయ్య భార్యను పరామర్శించడానికి వెళ్లినవాళ్లంతా, "ఏమాటకామాటే చెప్పుకోవాలి పిన్నీ, బాబాయి పనితనమే వేరు" అంటున్నారు.