నా ఇష్టమే

"నేచురలిస్టు నవలల్లో మనిషికి సొంత ఇష్టమంటూ ఉండదట అమ్మమ్మా, లోకం ఎటు తోస్తే అటేనట," అంది మేఘన, స్కూల్ ఎస్సే రాస్తూ.

"ముప్పై ఏళ్ళు కాలేజీలో ఆ పాఠమే చెప్పాను. జీతం కోసం చెప్పానే గాని, నమ్మలేదు," అన్నాను.

న్యూయార్క్‌లో టవర్లు కూలి రెండు వారాలు. నిన్న ఇక్కడ కాలిఫోర్నియాలో, మా శాన్ రామన్ ఊళ్ళో, పార్కింగ్ లాట్‌లో ఒకడు నా బొట్టు చూపిస్తూ, "మీ దేశానికి పో" అని కారు దాకా వెంటపడ్డాడు.

"స్టోర్‌కి వెళ్దామా అమ్మమ్మా?"

బాత్రూంలోకెళ్ళి స్టిక్కరు బొట్టు తీసేశాను. ఎవరూ తియ్యమనలేదు, నా ఇష్టమే.

అద్దానికి అంటించబోతే, పొద్దున్నే డ్యూటీకెళ్ళిన మా అమ్మాయి బొట్టు అప్పటికే అక్కడుంది. ఇరవై ఏళ్ళుగా హాస్పిటల్‌కి బొట్టుతోనే వెళ్ళిన మనిషి.

దానికీ తియ్యమని ఎవరూ చెప్పి ఉండరు.