గొంతు తగ్గించకు

“మళ్ళీ గొంతు తగ్గింది. మొదట్నించి చెప్పు,” అంది అత్తగారు, ఉల్లిపాయలు తరగడం ఆపకుండానే.

కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి మళ్ళీ మొదలుపెట్టింది. పనిచేస్తున్న బట్టల కొట్టు మూతపడ్డాక రెండు ఇంటర్వ్యూలకు వెళ్ళింది. రెండుచోట్లా అడిగినవి తెలిసిన ప్రశ్నలే. ఎదుటివాళ్ళు కాస్త గట్టిగా చూసేసరికి మాట పెగల్లేదు. ఇప్పుడు పెద్దాసుపత్రి లాండ్రీలో సూపర్వైజరు ఉద్యోగం. ఇదీ పోతే ఇక ఇంటర్వ్యూ మాటే ఎత్తనని మొగుడితో తేల్చి చెప్పింది. ఆ మాట అత్తగారి చెవిన పడింది. అంతే, ఆ రోజు నుంచి వంటిల్లే ఇంటర్వ్యూ గది అయింది.

“నీ కింద ఒక పెద్దావిడ ఉంటుంది. మొండిఘటం. నువ్వు ఎడ్డెమంటే ఆవిడ తెడ్డెమంటుంది. ఏం చేస్తావ్?”

“మేనేజరుకి చెబుతాను.”

“చాడీలు చెప్పడానికా నీకు జీతం?”

“పోనీ, పెద్దావిడ కదా అని సర్దుకుపోతాను.”

“అయితే సూపర్వైజరువి నువ్వా, ఆవిడా? చూడు పిల్లా, అలాంటి మనిషి ముందు ఒక్కసారి తగ్గావో, నెత్తికెక్కి కూర్చుంటుంది. వయసు చూసి జంకకు. నీ మాట నువ్వు చెప్పు.”

“మీరలా ఉరిమి చూస్తుంటే ఎలా చెప్పను అత్తయ్యా?”

“అందుకేగా చూస్తున్నాను.”

ఇంటర్వ్యూ రోజు పొద్దున అత్తగారు కోడలి జుట్టు సరిచేస్తూ, “సిఫార్సు మాటలేవీ ఎత్తకు. నీ అంతట నువ్వే నెగ్గుకురా,” అంది.

గదిలో మేనేజరు, ఆయన పక్కన హెడ్ నర్సు కూర్చున్నారు. షిఫ్టుల గురించి, మరకలు వదిలించడం గురించి అడిగారు. కోడలు తడుముకోకుండా చెప్పింది. చివరికి మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు.

“అసలు చిక్కు ఇంకోటుంది. అక్కడో పెద్దావిడ ఉంది. తడి పూర్తిగా ఆరందే దుప్పటి వార్డుకి పంపనని భీష్మించుకుంటుంది. వార్డుల నుంచి ఒకటే ఫోన్లు. ఆవిడతో పడలేక మానేసిన సూపర్వైజర్లున్నారు. మీరైతే ఏం చేస్తారు?”

 ఈసారి కోడలి గొంతు తగ్గలేదు.

“ఆవిడ అనేది నిజమే కదండీ. తడి దుప్పటి మీద రోగిని ఎలా పడుకోబెడతాం? ఆ విషయంలో ఆవిడ పక్కనే నిలబడతాను. డ్రయ్యర్లు ముందుగా వేయించి ఆలస్యం లేకుండా చూస్తాను. కానీ షిఫ్టు ఎలా నడవాలో చెప్పేది నేను. అది ఆవిడకి ఎదురుగానే చెబుతాను.”

“వింటుందంటారా? ఆవిడ సంగతి మీకు తెలీదు.”

“కొంత తెలుసండి.”

హెడ్ నర్సు నవ్వు ఆపుకుంది. మేనేజరు సోమవారం నుంచి రమ్మన్నాడు.

సాయంత్రం ఆ కబురు విన్న అత్తగారు ముందు పొంగిపోలేదు. ఆరా తీసింది.

“పెద్దావిడ గురించి అడిగారా?”

“అడిగారు. ఆవిడ పక్కన నిలబడతానన్నాను.”

“ఇంకా?”

“చెప్పాల్సింది ఎదురుగానే చెబుతానన్నాను.”

 అత్తగారు కోడలి భుజం గట్టిగా పట్టుకుని, “ఇన్నాళ్ళకి ఆవిడకి సరైన సూపర్వైజరు దొరికింది,” అంది.

ఆ పెద్దావిడ అత్తగారే మరి.