చెరుకు తోటలో భూలక్ష్మి

“మళ్లీ వచ్చిండు మేడమ్,” అన్నాడు వాచ్‌మన్ నర్సింహ.

శేషారత్నం వెనక్కి తిరిగి చూసింది. చివరి వరుసలో కోటు వేసుకున్న ముసలాయన.

అది ఫిల్మ్‌నగర్‌లో కిరాయి హాలు. మాదాపూర్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు శని, ఆదివారాల్లో అక్కడ నాటకం రిహార్సల్ చేసుకుంటున్నారు. రాసిందీ, ఆడిస్తున్నదీ శేషారత్నమే.

కథ ఆమె ఇంటిదే. నాయనమ్మ అక్క భూలక్ష్మిని తెల్లదొరల కాలంలో మాయమాటలు చెప్పి ఓడ ఎక్కించారు. దక్షిణాఫ్రికా చెరుకు తోటలో బానిసను చేశారు. మళ్లీ ఆమె కబురే లేదు. పోయిందనుకుని ఇంట్లోవాళ్లు దినం కూడా చేసేశారు.

“సినిమా కంపెనీవోళ్లు పంపిన్రు మేడమ్,” అన్నాడు దొర వేషం వేస్తున్న తిరుమలేశ్. “పోయినేడు మన కథ గిట్లనే ఎత్తుకపోయిన్రు కదా.”

శేషారత్నం నేరుగా ముసలాయన దగ్గరకే వెళ్లింది.

“మీది ఏ కంపెనీ అండీ?”

“సక్కెర కంపెనీ. రిటైరైపోనాను.”

తిరుమలేశ్ పకపకా నవ్వాడు. ఆమెకు ఒళ్లు మండింది. ఒంటి మీద కోటు, నోట్లో విజయనగరం పల్లె యాస. ఇదంతా నటనే అనుకుంది.

“ఆకర్న ఆ పిల్ల సచ్చిపోతాదా అమ్మా?”

“క్లైమాక్స్ మీకెందుకండీ?”

స్టేజీ మీద ఓడ సీను మొదలైంది.

“చెల్లీ! నాగేశ్వరీ! అమ్మని చూసుకోవే!” అని భూలక్ష్మి వేషం వేసిన అమ్మాయి కేక పెట్టింది.

ముసలాయన దిగ్గున లేచాడు. తడబడుతూ స్టేజీ దగ్గరకు వచ్చాడు.

“నాగేశ్వరి అన్నాదా? ఆ పేరు నిజివేనా అమ్మా?”

“ఓహో, పేర్లు కూడా కావాలా? నర్సింహా, ఈయన్ని బయటికి పంపు. మళ్లీ లోపలికి రానివ్వకు.”

“పెద్దమనిషీ, జర బయటికి నడువుండ్రి.”

ముసలాయన గుమ్మం దగ్గర ఆగాడు.

“ఆ పిల్లని సంపకమ్మా,” అని వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. పీడ వదిలిందనుకుంది శేషారత్నం.

రెండు నెలల తర్వాత జూబ్లీ హిల్స్‌లో నాటకం ఆడారు. కొరడా దెబ్బలకు భూలక్ష్మి చెరుకు గడల మధ్య కూలిపోయింది. తెర పడ్డాక కూడా చప్పట్లు ఆగలేదు.

స్టేజీ వెనక్కి ఒక అమ్మాయి వచ్చింది. పేరు పుష్పవల్లి అనీ, డర్బన్ నుంచి వచ్చాననీ ఇంగ్లీషులో చెప్పింది.

“పేపర్లో ఈ నాటకం మీ నాయనమ్మ అక్క కథేనని చదివి మా తాతయ్య మీ రిహార్సల్స్‌కి వచ్చారు. కోటు వేసుకుని చివరి వరుసలో కూర్చునేవారు.”

శేషారత్నం ముఖం ముడుచుకుంది.

“ఇప్పుడు మిమ్మల్ని పంపించారా?”

“పోయిన నెల చనిపోయారు. తన బదులు నన్ను నాటకం చూసి రమ్మన్నారు.”

శేషారత్నం ఆ అమ్మాయికి కుర్చీ జరిపింది.

“ఆయనకి ఈ కథ మీద అంత ఆసక్తి దేనికి?”

“భూలక్ష్మి తోటలో చావలేదండీ. అక్కణ్ణించి బయటపడి, వీధుల్లో కూరలమ్మి నలుగురు పిల్లల్ని పెంచింది. బతికినన్నాళ్లూ చెల్లెలు నాగేశ్వరి గురించే చెప్పేదట.”

పుష్పవల్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఆ నలుగురిలో ఆఖరివాడే మా తాతయ్య. మీకు పెదనాన్న అవుతారట.”