కెమెరా పనిచేస్తుందా?

ఆదివారం సాయంత్రం లోపల అమ్ముడుపోకపోతే లాప్‌టాప్‌ను పాత ఇనుము బండికి వేసేస్తానని కృష్ణమ్మ తెగేసి చెప్పింది. ఆమె మాటంటే మాటే. పోయిన నెల భర్త పాత స్కూటర్‌కు కూడా ఇలాగే గడువు పెట్టి, గడువు దాటగానే బండెక్కించింది.

కొడుకు కోదండరామకు ప్రాణం ఉసూరుమంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, టీ కూడా మానేసి కూడబెట్టి కొనుక్కున్న గేమింగ్ లాప్‌టాప్ అది. కీబోర్డు నిండా ఎర్ర లైట్లు, ఇటుకంత బరువు. ఇప్పుడు అతనికి ఆడే తీరిక లేదు. కొత్త గేములు అందులో నడవవు కూడా. అయినా సరే, ఎవరో ఒకరి బల్ల మీద అది వెలుగుతూ ఉండాలి గానీ తుక్కులో నలిగిపోకూడదని అతని కోరిక. ఫోటోలు తీసి, తిరుత్తణి అడ్రసుతో సహా నెట్‌లో పెట్టాడు. ఒక్కడు అడిగితే ఒట్టు.

తీరా ఆదివారం పొద్దున తిరువళ్ళూరు నుంచి ఫోన్ వచ్చింది.

"మా బిడ్డకి లాప్‌టాప్ కావాల నాయనా. కొండకి దర్శనానికి వస్తా ఉండాము. అట్నే మీ ఇంటికొచ్చి చూసి పోతాము."

మధ్యాహ్నానికి నుదుటి మీద విభూతితో ఇద్దరు దిగారు. సుగంధి అనే ఆవిడ, ఆవిడ తమ్ముడు దండపాణి. బిడ్డంటే సుగంధి కూతురు జీవిత. చెన్నైలో యానిమేషన్ కంపెనీలో పని. సెలవు దొరక్క రాలేదట.

దండపాణి లాప్‌టాప్ చుట్టూ ఎద్దును చూసినట్టు తిరిగి చూశాడు.

"దినానికి ఎంతసేపు ఆడతావు?"

"ముందు బాగా ఆడేవాణ్ణి సార్. ఇప్పుడు ఎప్పుడో ఆదివారం కొంచెంసేపు."

"ఓడిపోతే కోపమొస్తాదా? దాన్ని కొడతావా?"

"కొట్టను సార్. మూసేసి, పోయి అన్నం తింటాను."

"మంచిది. దెబ్బలు తిన్నవి పైకి బాగుంటాయి, లోపల పగిలి ఉంటాయి."

సుగంధికి బ్యాటరీ మీద దిగులు. "రాత్రంతా మేలుకొని ఆడినావంటే బ్యాటరీ దెబ్బతింటాదంటారే?"

"పదైతే నాకు నిద్ర ఆగదమ్మా."

ఆ తర్వాత ఆవిడకు కరెంటు మీద అనుమానం వచ్చింది. వోల్టేజీ సరిగ్గా లేని ఇంట్లో ఇలాంటివి లోపల్లోపలే కాలిపోతాయని ఎవరో చెప్పారట. హాల్లో స్విచ్చిబోర్డు చూసింది. వంటింట్లోది చూసింది. పెరట్లో మోటారు దగ్గరిది కూడా వదల్లేదు.

"వైరింగు మీరు చేయించిందేనా అమ్మా, లేకుంటే ఇల్లుగలోళ్ళు చేయించిందా?"

"మేమే ఇల్లుగలోళ్ళం. ఆయన దగ్గరుండి చేయించినాడు," అంది కృష్ణమ్మ, ఇంత జాగ్రత్త మనిషిని ఎక్కడా చూడలేదనుకుంటూ.

ఇక జీవిత వంతు. లాప్‌టాప్ నుంచే వీడియో కాల్ చేయమంది. కోదండరామ చేశాడు. అవతల తెర మీద బొమ్మ లేదు, గొంతు మాత్రం వచ్చింది.

"కెమెరా పనిచేస్తాదా లేదా చూడాల. ముందు కూర్చోండి. కొంచెం వెలుతురు పక్కకి తిరగండి."

తిరిగాడు.

"ఇంకో పక్కకి."

తిరిగాడు. మెడ పట్టేసింది.

"సరి. ఏమన్నా మాట్లాడండి, మైకు చూస్తాను."

అదే సమయానికి వీధి చివర "పళయ ఇరుంబూ..." అని ఇనుము బండివాడి కేక వినిపించింది. కోదండరామ గుమ్మం వైపు చూశాడు. కొత్తదానిలా నడుస్తుందండీ అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఒక్క అబద్ధం చాలు, లాప్‌టాప్ బతికిపోతుంది. కానీ పాపం ఆ అమ్మాయి పని దీని మీదే నడవాలి కదా.

"ఫ్యాను రైలింజన్ మాదిరి మోత పెడతాదండీ," అన్నాడు. "మూత కీలు వదులు. మూల పగిలింది, నేనే కింద పడేసినాను. కరెంటు పోతే ఇదీ పోతాది. మీ పనికి ఇది చాలదు. మీరు కొననంటే మా అమ్మ ఆ ఇనుము బండికి వేసేస్తాది. అయినా సరే, కొనొద్దండీ."

గుమ్మంలో కృష్ణమ్మ తల పట్టుకుంది.

అవతల నవ్వు వినిపించింది. "మైకు బాగుండాది," అని కాల్ కట్ చేసింది జీవిత.

కాఫీ తాగి ఇద్దరూ లేచారు. "ఇంట్లో మాట్లాడుకొని ఫోన్ చేస్తాము," అన్నాడు దండపాణి. వాళ్ళు గేటు దాటడం ఆలస్యం, కృష్ణమ్మ అందుకుంది.

"అమ్మేవాడు ఎవుడన్నా సరుకుని వాడే తిట్టుకుంటాడా? ఇట్లాంటి ముద్దపప్పుని యాడా చూడలేదురా! తే ఇట్ల దాన్ని."

బండి ఇంటి ముందుకు వచ్చి ఆగింది. కోదండరామ లాప్‌టాప్‌ను రెండు చేతులతో గుండెకు హత్తుకున్నాడు. కృష్ణమ్మ ఒక పక్క పట్టుకుని లాగుతోంది. జేబులో ఫోన్ మోగితే ఒక చేత్తో తీశాడు. స్టేషన్ నుంచి సుగంధి. అమ్మతో మాట్లాడాలట. లాప్‌టాప్ వదల్లేక, అమ్మకు వినబడేలా స్పీకర్ నొక్కాడు.

"లాప్‌టాప్ అట్నే ఉండనీ వదినా, మా జీవిత ఆ ఇంటికి వచ్చినాక చూసుకుంటాదంట, ముందు మీ పిల్లోడి జాతకం పంపియ్యండి!"