గాబ్రియేలు పీట

హైదరాబాద్ బస్సు మెదక్ బస్టాండులో ఆగింది. అందులోంచి తన కొడుకు దిగకూడదని యేసమ్మ ప్రార్థన చేసుకుంది.

దిగితే బాగుండునని కళ్ళు మాత్రం తలుపు మీదే పెట్టుకుంది.

హైదరాబాద్‌లో ఒక మిల్లు ఫుట్‌బాల్ టీముకు మనుషుల్ని ఏరుకుంటున్నారు. తీసుకుంటే ఆటతో పాటు మిల్లులో నౌకరీ. గాబ్రియేలు అక్కడికి వెళ్ళి నెలైంది. నిన్నటితో ఏరడం అయిపోయింది. టీములోకి తీసుకోనివాళ్ళంతా ఇవాళ తిరుగు బస్సు ఎక్కాల్సిందే.

యేసమ్మ పక్కనే మెదక్ టీము కెప్టెన్ సొలొమోను నిలబడ్డాడు. అతడి ఆశ వేరు. పెద్ద టీము వదిలేసినవాళ్ళలో ఒక మంచి బ్యాకు దొరక్కపోతాడా అని. గోల్ కొట్టాలని ఉబలాటపడేవాళ్ళు ఊళ్ళో గంపెడు మంది ఉన్నారు. వెనక నిలబడి గోల్ పడకుండా కాచేవాడు దొరకడమే గగనం. ఉన్న ఒక్క మంచి బ్యాకు గాబ్రియేలే.

బస్సు దిగింది గాబ్రియేలు కాదు. మెడలో బూట్లు వేలాడేసుకున్న ఒక పొడుగాటి కుర్రాడు.

"బిడ్డా, సెలెక్షన్ల కాడి నుంచేనా? మా గాబ్రియేలు ఏమైండు?" యేసమ్మ ఎదురెళ్ళింది.

"తీస్కున్నరమ్మా. నౌకరీ గూడ ఇచ్చిన్రు."

యేసమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. సంతోషమే. ఇక ఇల్లు బోసిపోతుందన్న దిగులు కూడా.

"మరి నిన్ను?" సొలొమోను అడిగాడు.

"నేను బస్సు దిగిన గద అన్నా," అని నవ్వాడు కుర్రాడు.

"ఏ జాగల ఆడ్తవ్?"

"బ్యాకు."

సొలొమోను మొహం చేటంత అయింది. "దసరాకు టోర్నమెంటుంది తమ్మీ. మా గాబ్రియేలు జాగల ఆడ్తవా? నీ ఖర్చంత టీముదే."

"ఆడ్త. ఖర్చేం వద్దు. ఈ అమ్మ ఇంట్ల ఉంట."

అబ్బో, ఏం చొరవ అనుకుంది యేసమ్మ. సొలొమోను బతిమాలితే సరేనంది.

కుర్రాడి పేరు జయానందం. నా అన్నవాళ్ళు ఎవరూ లేరట. ఏదో హాస్టల్లో పెరిగాడట.

రాత్రి అన్నానికి పిలిస్తే వచ్చి, గోడవారనున్న పీట మీద కూర్చోబోయాడు.

"ఆడ కాదు బిడ్డా. అది మా పోరనిది."

చటుక్కున లేచి నేల మీద కూర్చున్నాడు.

"పచ్చిపులుసుల ఉల్లిగడ్డ కాల్చి ఏస్తవంట గదమ్మా?"

"నీకెట్ల తెల్సు?"

"క్యాంపుల గాబ్రియేలు రోజు చెప్పెటోడు. ఆడ నీళ్ళ పప్పు పోసుకొని, మీ ఇంటి పచ్చిపులుసు ముచ్చట చెప్పుకుంట తినెటోళ్ళం."

యేసమ్మ గరిటెతో పోసింది. ఆమె మనసు ఆ ఖాళీ పీట దగ్గరే ఉంది. ఈ పూట తన కొడుకు ఏం తిన్నాడో.

జయానందం నీళ్ళు తోడిపెట్టాడు, కట్టెలు కొట్టిపెట్టాడు. ఏ పూటైనా నేల మీదే కూర్చుని తిన్నాడు. తింటూ తింటూ పీట వైపు చూసేవాడు. యేసమ్మ అది కనిపెట్టింది. తీసేసినవాడికి తన కొడుకు పీట మీద కన్నేంటని లోలోపల చిరాకు పడేది.

ఫైనల్ మ్యాచి చర్చి దగ్గరి మైదానంలో జరిగింది. మోకాలు చీరుకుపోయినా జయానందం ఒక్క బంతిని దాటనివ్వలేదు. మెదక్ ఒక్క గోలుతో గెలిచింది. గోలు కొట్టినవాణ్ణి జనం భుజాల మీద ఊరేగించారు. జయానందం బూట్లు విప్పుకుని కుంటుకుంటూ ఇంటికి వచ్చాడు.

యేసమ్మ మోకాలికి పసుపు అద్ది కట్టు కట్టింది. "మా పోరడుంటే గూడ గిట్లనే ఆడెటోడు," అంది.

"ఇంక మంచిగ ఆడెటోడమ్మా."

కట్టు సర్దుకుంటూ మెల్లగా అడిగాడు. "క్రిస్మస్ దాక ఉండనా అమ్మా?"

"క్రిస్మస్‌కు మా పోరడొస్తడు బిడ్డా. ఇల్లు జూస్తే గింతంత."

"సరే అమ్మా."

తెల్లారి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఆ పీటను తడిగుడ్డతో తుడిచి, గోడకు ఆనించి పోయాడు.

క్రిస్మస్‌కు గాబ్రియేలు వచ్చాడు. మిల్లు నౌకరీతో ఒళ్ళు చేశాడు. పీట వేసుకుని తల్లి ముందు కూర్చున్నాడు. యేసమ్మ పచ్చిపులుసు పోస్తూ కడుపారా చూసుకుంది.

"జయానందం ఏడమ్మా? పండుగకు ఈడనే ఉంటడనుకున్న."

"దసరాకే పోయిండు. ఏడికి పోయిండో సొలొమోనుకు గూడ తెల్వదు. ఆ తీసేసిన పిలగాని ముచ్చట ఇప్పుడెందుకు, తిను."

గాబ్రియేలు చేతిలో ముద్ద ఆగిపోయింది.

"తీసేసింది నన్నమ్మా. అందరికంటె ముందుగాల తీస్కున్నది వాణ్ని."

యేసమ్మకు అర్థం కాలేదు.

"నేను పెట్టె సర్దుకుంట ఏడుస్తుంటే జూసిండు. 'నీకు అమ్మ ఉన్నది, నౌకరీ నీకే కావాలె' అన్నడు. మిల్లు సాబు కాడికి పోయి, కాళ్ళ మీద పడ్డంత పని చేసి, తన జాగల నన్ను పెట్టిచ్చిండు."

"మరి నాకెందుకు చెప్పలేదు బిడ్డా!"

"నేనొచ్చేదాక చెప్పొద్దని ఒట్టు ఏపిచ్చుకున్నడు. 'జాలితోని పెట్టిన బువ్వ హాస్టల్ల మస్తు తిన్న' అన్నడు."

ఆ పిల్లవాడు వాకిట్లో ఉంటే బాగుండునని యేసమ్మ తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు.

"నేనేం ఇస్తనన్న వద్దన్నడమ్మా. 'మీ అమ్మ ముందట నాలుగొద్దులు నీ పీట మీద కూసొని తింట, గంతే చాలు' అన్నడు," అని గాబ్రియేలు తలెత్తి తల్లిని అడిగాడు. "కూసోబెట్టినవా అమ్మా?"