దొరవారి పరుగు

"ఎవలు తరుముతున్నరు దొరా?"

మరమగ్గాల షెడ్డు తలుపు సందులోంచి పర్శరాములు అడిగాడు. కొత్త కాన్వాసు బూట్లతో రొప్పుతూ వస్తున్న భూపాల్‌రావు ఆగిపోయాడు.

"నన్నెవడు తరుముతడురా? కరీంనగర్‌ల ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగుపందెముంది. గందుకే రోజూ ప్రాక్టీసు చేస్తున్న."

"అంటే ఉత్తగనే ఉరుకుతున్నరా!" పర్శరాములు గొంతులో ఉన్నది మర్యాదో నిరాశో తెలియలేదు. "మేం అడవిలకెల్లి అన్నలొచ్చిన్రనుకున్నం, తుపాకులేసుకొని."

పొలం గట్టుకైనా జీపులో వెళ్లే దొర తెల్లారకముందే పరుగెత్తుతుంటే ఊరు మాత్రం ఇంకేమనుకుంటుంది?

"అందుకేనా, నేను రాంగనే వాడకట్టంత తలుపులు పెట్టుకుంటున్నది?"

"అవు దొరా. మీకు అడ్డం రావద్దని."

"నా పానం మీదికొచ్చిందనుకొని కూడా ఒక్కడు బయటికి రాలేదారా?"

"ఎందుకు రాలే? మీరు జర దూరం పోంగనే నా పెండ్లాం అనసూర్య రోజూ గడపల నిలబడుతది."

భూపాల్‌రావు ముఖం కాస్త వికసించింది. మొత్తానికి ఊళ్లో ఒక్కరికైనా తనమీద విశ్వాసముంది.

"నన్ను దాచిపెడదామనా?"

"కాదు దొరా. ఎనక వచ్చేటోళ్లు అడిగితే, మీరు ఎటు పోయిన్రో చెప్పాలె గదా."

వాళ్ల మాటలు విని వీధిలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ప్రతి గడపలోనూ ఒకరు నిలబడి, ఎంతో వినయంగా దండం పెట్టారు.

భూపాల్‌రావు కోటలాంటి తన గడీ వైపు తిరిగాడు. ఆయన నిజంగా పరుగెత్తింది ఆ పొద్దునే.