చెరువు గట్టు ఆఫీసు

"ఇది నా ఆఫీసు కాదమ్మా" అంటూ పెద్దాయన మళ్ళీ చెప్పులేసుకుని బయటికి నడిచారు.

డిజైనర్ మండుటెండలో ఆయన వెనకే పరుగెత్తింది. నడిరోడ్డు మీద కాళ్ళావేళ్ళా పడి వెనక్కి తీసుకొచ్చింది. చూసినవాళ్ళు నవ్వుకున్నారు. నవ్వితే నవ్వారు, ఆయన చెయ్యి జారిపోతే ఆమె తట్టుకోలేదు.

చెరువు గట్టు మీది పాత ఆఫీసును కూల్చేశాక ఆయనకి మరే గదీ నచ్చడం లేదు. కుర్చీలో కూర్చుంటే ఆ గట్టు మీద కూర్చున్నట్టే ఉండాలి. అడగడానికేం, ఒక్క మాట. చేసేవాళ్ళకి కదా తల ప్రాణం తోకకొచ్చేది.

ముందు గోడలకి తుంగగడ్డి పచ్చరంగు వేయించింది. "నీళ్ళేవి?" అన్నారు. గోడ నిండా చెరువు ఫొటో అతికించింది. "కదలని నీళ్ళేం నీళ్ళు?" అన్నారు. గట్టు మీంచి రాళ్ళూ రెల్లూ మోయించి తెచ్చి పేర్చింది. దానికొచ్చిన జవాబే ఇవాళ్టి చెప్పులు.

ఆ సాయంత్రం భర్త ఇక ఊరుకోలేదు.

"రేపొక్కరోజు చూద్దాం. కాదంటే ఆయన్ని ఆ పెద్ద సంస్థకే అప్పగించేద్దాం. ఇలాంటివాళ్ళని సంభాళించడం వాళ్ళకి అలవాటే."

"వాళ్ళకి ఆయన పదిమందిలో ఒకరు. నాకు ఒక్కరే."

"నీ మొహం అద్దంలో చూసుకుని ఎన్నాళ్ళయింది?"

ఆమెకి ఏడుపొచ్చింది, ఏడ్చింది.

తెల్లారి చెరువు దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఇన్నాళ్ళూ నీళ్ళనే చూసింది. ఇవాళ ఏమీ తోచక తలెత్తి పైకి చూసింది. గట్టు మీది చెట్టుకొమ్మల అడుగున వెలుగు వణుకుతోంది. ఎండ నీళ్ళ మీద పడి పైకి లేస్తోంది.

పరుగున వచ్చి వడ్రంగిని పిలిచింది.

"ఇంకేం మార్చాలమ్మా, ఇక మిగిలింది నేనొక్కణ్ణే" అన్నాడతను.

కిటికీ కింద ఎండ పడేచోట వెడల్పాటి పళ్ళెం పెట్టించి నీళ్ళు పోసింది. పక్కన చిన్న ఫ్యాను తిప్పింది. పైకప్పంతా వెలుగు అలలు పరుచుకున్నాయి. ఇది కూడా కాదంటే ఆమె దగ్గర ఇక చెయ్యడానికేమీ లేదు.

పెద్దాయన వచ్చారు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. గోడలు చూశారు, రాళ్ళు చూశారు, పెదవి విరిచారు. చెప్పుల కోసం చూస్తారేమోనని ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

ఆయన తల పైకెత్తారు. అలాగే ఉండిపోయారు. మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చుని, జేబులోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టారు.

"ఇదీ నా ఆఫీసంటే" అన్నారు.

ఆమె ఎదురుగా ఉన్న కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇక ఆయన్ని ఎవరికీ అప్పగించనక్కర్లేదు.

ఆయన కంగారుపడ్డారు.

"ఎందుకమ్మా ఏడుస్తావు? చక్కగా చేశావు. రేపట్నుంచి రోజూ వస్తాను."

"థాంక్యూ సార్" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"కాకపోతే సాయంత్రం నన్ను కాస్త తొందరగా పంపించెయ్యాలి, ఇంట్లో మా అమ్మాయి నాకోసం ఎదురుచూస్తూ ఉంటుంది" అన్నారు నాన్న, ఇంటి వెనకగదిలో కూతురి ఎదురుగా కూర్చుని.